సన్నబడే దాకా

కోటు నమూనా గీయడం పూర్తయ్యే సరికి దర్జీ అక్క పాత కంప్యూటరు మొండికేసింది. సేవ్ చేయబోతే డిస్కులో చోటు లేదంది. సేవ్ అయితే తప్ప ప్రింటు రాదు, ప్రింటు వస్తే తప్ప గుడ్డకు కత్తెర పెట్టడానికి లేదు. ఆ కోటు బస్సు డ్రైవరుది. జీవితంలో మొదటిసారి ఎల్లుండి ఆయన వేదికెక్కి పాడబోతున్నాడు. ఇవాళ కత్తిరించకపోతే అందదు.

కబురందగానే వచ్చిన చెల్లెలు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏంటక్కా, చెత్తబుట్టలో ఇన్ని ఫైళ్ళు? పారేసినవేగా, ఖాళీ చేసేస్తున్నా."

"ఆగవే!" అక్క కత్తెరతోనే పరుగెత్తుకొచ్చింది. "పారేసినవి కావు. లావైన వాళ్ళ పాత కొలతలు."

"లావయ్యాక అవెందుకు?"

"మళ్ళీ సన్నబడతామని ప్రతివాళ్ళూ అంటారు కదే. వాళ్ళు మర్చిపోయినా నేను మర్చిపోతే ఏం బాగుంటుంది?"

"మరి చెత్తబుట్టలోనా?"

"ఎదురుగా ఉంటే పొరపాటున వాటికే కత్తిరిస్తాను. అక్కడైతే కంటికి కనబడవు, కావాలంటే బయటికి తీసుకోవచ్చు."

"ఇంతకీ ఒక్కరైనా సన్నబడ్డారా?"

"పోస్టుమాస్టారు! పాత కొలతే సరిపోయిందని చెబితే అద్దం ముందు నుంచి కదిలితేగా!"

"ఆయనొక్కడి కోసం డ్రైవరు గారిని బనీనుతో పాడమంటావా?"

అక్క గోడవైపు తిరిగి, "సరే, చేసెయ్" అంది.

మౌసు టక్కుమన్న చప్పుడు మాత్రం వినిపించలేదు.

"ఉండుండు. ఈ కొలతలన్నీ కలిపినా చిటికెడు లేవు. చోటంతా మింగింది వేరే ఏదో..." చెల్లెలు వెతికి వెతికి నాలుక కరుచుకుంది. "అక్కా, తిట్టనంటే చెప్తా. పరీక్షలకి చదువుకుంటానని ఇక్కడికొచ్చేదాన్ని చూడు, అప్పుడు దింపుకున్న సీరియల్."

"ఓహో, నువ్వు చదివింది అదా! మొత్తం ఉందా?"

"చివరి భాగం తప్ప."

"అదేమైందట?"

"చోటు చాల్లేదు."

ఇద్దరికీ నవ్వాగలేదు. సీరియల్ పోయింది, నమూనా సేవ్ అయింది, ప్రింటరు గుర్రుమంటూ కాగితం బయటికి తోసింది. మూలనున్న ఆ ముసలి పెట్టె కూడా ఊపిరి పీల్చుకున్నట్టనిపించింది అక్కకి.

చెల్లెలు కొలతలన్నీ చెత్తబుట్టలోంచి తీసి, 'సన్నబడే దాకా' అని పేరుపెట్టి ఒక ఫోల్డరులో సర్దింది. సర్దుతూ ఒకచోట ఆగింది. తన కాలేజీ రోజుల కొలత. చెయ్యి తనంతట అదే నడుం మీదికి వెళ్ళింది.

"ఇదీ ఉండనీ అక్కా."

"నేనెప్పుడు తీసేశానే?" అంది అక్క, కోటు గుడ్డ పరుస్తూ.