ఏడో రాయి పట్టిన స్వరం

ఆళ్లగడ్డలో నాగజ్యోతి పొద్దున షెడ్డు తెరవగానే చేసే మొదటి పని రాళ్ల మీద నీళ్లు చల్లి, చిన్న సుత్తితో ఒక్కొక్కదాన్నీ తట్టి చూడటం. వాళ్ల తాత అట్లానే చేసేవాడు, నాయనా అట్లానే చేసేవాడు. ఖంగుమన్న రాయి దేవుడికి, దద్దుమన్న రాయి గడపకి. దేవుళ్ల రాళ్లు ఒకసారి మోగి ఊరుకుంటాయి. పాటగాళ్ల కోసం తెచ్చిన రాళ్లు మాత్రం ఊరుకోవు. ఎవరి రూపం కాబోతున్నాయో వాళ్ల పాట అందుకుని, సాయంత్రం గోనెపట్టా కప్పేదాకా పాడుతూనే ఉంటాయి. పక్కనున్న టీ కొట్టాయన దాంతో రేడియో కొనడం మానుకున్నాడు. అంతకుమించి ఆ సంగతి గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు.

ఆ ఏడు ఆమెకు నంద్యాల నుంచి పెద్ద పని వచ్చింది. వెంకటేశ్వర్లు అనే పెద్ద రైతు తన పాత పత్తి గోడౌన్‌కి సున్నం కొట్టించి, ఈ ప్రాంతపు సంగీతకారులకి మందిరం చేస్తానన్నాడు. గోడకి ఏడు గూళ్లు కట్టించాడు. ఏడు గూళ్లలో ఏడు విగ్రహాలు, అదీ పోయినవాళ్లకే. అనడం సులువే, ఎవరిని పెట్టాలో తేల్చడమే గగనమైంది. ప్రతి ఆదివారం ఉగ్గాని బజ్జీలు తెప్పించుకుని కమిటీ కూర్చునేది. తినేటప్పుడు అందరూ ఒకటే, చేతులు కడుక్కోగానే ఎవరి దారి వారిది.

పదకొండు ఆదివారాలకి ఆరు పేర్లు తేలాయి. హార్మోనియం ఆయన, డప్పు ఆయన, వీణ నేర్పినావిడ, పిల్లనగ్రోవి ఊదిన గొర్రెల కాపరి, కోలాటం గురువు, జోలపాటలు పాడిన మంత్రసాని. మంత్రసాని పేరు దగ్గర ఒక ఆదివారమంతా పోయింది. చివరికి కమిటీలో సగం మందిని ఆ చేతులే భూమ్మీదికి తెచ్చాయని లెక్క తేలి, అందరూ నోరు మూసుకున్నారు.

మిగిలింది ఏడో గూడు. అక్కడ పీటముడి పడింది.

వెంకటేశ్వర్లు పద్యనాటకాల పిచ్చోడు. "తిమ్మారెడ్డి పద్యం ఎత్తుకుంటే మూడు మాట్లు ఒన్స్ మోర్ కొట్టేవాళ్లప్పా. తెల్లారినా జనం కదిలేవాళ్లు గాదు" అన్నాడు.

బడిలో పాఠాలు, చర్చిలో పాటలు చెప్పే లూదియా టీచరు ఒప్పుకోలేదు. "మా సౌభాగ్యమ్మ పాడితే ఏడవని మనిషుంటే చూపించన్నా. తాగి గోల చేసేటోళ్లు గూడా చర్చి మెట్ల మీద కూచుని ఇంటాండ్రి."

"ఏడిపించేదానికి సంగీతమెందుకమ్మా, ఉల్లిగడ్డలు చాలు" అన్నాడు వెంకటేశ్వర్లు. లూదియా రెండు వారాలు ఆయనతో మాట్లాడలేదు. అడగాల్సినవి పక్కవాళ్ల చేత అడిగించింది.

మూడో పేరు నాదస్వర విద్వాంసుడు ఓబులేసుది. ఆ పేరు ఎత్తింది ఆయన భార్య ఉమామహేశ్వరమ్మ. ఆమె పెద్దగా వాదించలేదు. "ఆయన తోడి రాగం ఎత్తుకుంటే కల్యాణమండపంలో వంటోళ్లు గరిటె దించి వినేవాళ్లు. అన్నం అడుగంటినా ఎవరూ అడగలేదు. మీ ఇష్టం" అని ఊరుకుంది. ఆమె పక్కన ముడుచుకుని కూర్చున్న గురవయ్య మాత్రం ఆ మాటకి పదిసార్లు తలూపాడు.

గురవయ్యది ఒత్తు. నాదస్వరం పక్కన కూర్చుని, కచేరీ మొదలైన దగ్గర్నుంచి ముగిసేదాకా ఒక్క సా మాత్రమే విడవకుండా ఊదే పొడవాటి గొట్టం అది. ఓబులేసు రాగాల్లో ఊరేగుతుంటే గురవయ్య నలభై ఒక్క ఏళ్లు ఆ సా పట్టుకుని కూర్చున్నాడు. తొమ్మిదేళ్ల కింద, గురవయ్య సామీ అని పిలిచే ఆ విద్వాంసుడు పోయాడు. మిగతా మేళాలవాళ్లు శ్రుతి పెట్టె కొనుక్కున్నారు, మీట నొక్కితే అదే మోగుతుంది. గురవయ్య ఒత్తుని పాత పంచెలో చుట్టి అటక మీద పెట్టాడు. జూపాడు బంగ్లా ఊళ్లో కాపురముంటున్న కూతురు దీపిక రమ్మని పోరుతుంటే, "సామి విగ్రహం గూట్లో కూచున్న దినమే బస్సెక్కుతా" అని చెప్పాడు. సంచి సర్దిపెట్టుకున్నాడు కూడా. విద్వాంసుడికి చోటు దొరికితే ఆయన పక్కన గడిచిన తన బతుక్కీ ఒక అర్థం ఉన్నట్టే అని ఆయన నమ్మకం. దొరక్కపోతే నలభై ఒక్క ఏళ్లు ఊరికే గాలి ఊదినట్టు.

కమిటీలో మాట తెగకపోతే నాగజ్యోతే దారి చెప్పింది. "పేరు అనుకోకుండా ఒక రాయి తెస్తా. అది ఎవరి పాట ఎత్తుకుంటే వాళ్లది గూడు. రండి, మీరే ఇనండి."

ఆ ఆదివారం అందరూ జీపెక్కి ఆళ్లగడ్డ వచ్చారు. కొలతలకి పనికొస్తుందని ఉమామహేశ్వరమ్మ తన భర్త నాదస్వరాన్ని ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. షెడ్డులో సగం చెక్కిన ఆరు రాళ్లూ ఆరు శ్రుతుల్లో పాడుతున్నాయి. ఒకదానికొకటి పడక చెవులు చిల్లులు పడుతున్నాయి.

"వీళ్లందర్నీ ఒక గోడౌన్‌లో పెడితే జనం యాడ నిలబడతారప్పా?" అని వెంకటేశ్వర్లు కంగారుపడ్డాడు.

"బతికుండంగా మాత్రం పొత్తు కుదిరిందా?" అంటూ నాగజ్యోతి ఏడో రాయి మీద నీళ్లు చల్లి సుత్తితో తట్టింది.

రాయి సా అంది.

అందరూ ముందుకు వంగారు. రాయి ఆ సా మీదే నిలబడింది. పావుగంట గడిచింది, టీలు వచ్చాయి, తాగారు. రాయి సా దాటి పోలేదు.

"ఏందీ ఇది? పాటకి ముందు శ్రుతి చూసుకుంటాందా?" అంది లూదియా.

"మా ఆయన గూడా నిదానంగానే మొదలుపెడతాండె" అని ఉమామహేశ్వరమ్మ ఆశగా అంది.

గురవయ్య మాత్రం నాలికతో తన ముందుపన్ను తడుముకున్నాడు. ఆ సా వెంట సన్నటి గాలి ఒకటి జారుతోంది. ఒకప్పుడు రుద్రవరం పెళ్లిలో తోపులాట జరిగి, ఒత్తు ఎదురు తగిలి ఆయన ముందుపన్ను సగం విరిగింది. ఆ రోజు నుంచి ఆయన ఊదే సాలో ఆ సందులోంచి అంత గాలి జారేది. జనం మైకు తప్పనుకునేవాళ్లు. అది తన గాలి. తొమ్మిదేళ్లుగా తాను మరిచిపోయాననుకున్న తన గాలి. ఆయనకి ముందు సంతోషం వేసింది, వెంటనే ఆ సంతోషం మీద సిగ్గు వేసింది. ఇది బయటపడితే సామికి చోటు పోతుంది.

"ఈ రాయి మంచిది గాదు. మూగది. మార్చు తల్లీ, బేగా మార్చు" అన్నాడు.

"నాకూ అట్లనే అనిపిస్తాంది. ఇట్లాంటి రాయి ఉత్త దండగ" అన్నాడు వెంకటేశ్వర్లు.

నాగజ్యోతి కదల్లేదు. తల ఒక పక్కకి వాల్చి వింటోంది. "మార్చేది సరే గానీ, ఒక్క రవ్వ ఉండండి. ఆ ఆరూ కొట్లాడేది మానినాయి, చూసినారా?"

అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. మంత్రసాని జోల హార్మోనియంతో కలిసింది. డప్పు వీణకి తాళం వేస్తోంది. పిల్లనగ్రోవి, కోలాటం ఒకదాని వెంట ఒకటి నడుస్తున్నాయి. ఆరు రాళ్లూ ఏడోదాని సా మీదికి దిగివచ్చి ఒక్క కచేరీ చేస్తున్నాయి. టీ కొట్టాయన గ్లాసులు కడగడం ఆపి గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

ఉమామహేశ్వరమ్మ రాయి దగ్గరికి పోయి చెవి ఆనించింది. చాలాసేపు విని గురవయ్య వైపు తిరిగింది.

"ఇది నీ పన్నులో గాలి కదా, గురవయ్యా."

"లేదమ్మా" అన్నాడు గురవయ్య. అబద్ధం చెప్పడం చేతకాక కళ్లలో నీళ్లు తిరిగాయి. "వద్దమ్మా. అది సామి చోటు. నేను ఊదింది ఒక్కటే. పసిబిడ్డ గూడా ఊదుతాది."

"కచేరీ నుంచి రాగానే ఎట్లయింది అని అడుగుతాంటి నేను. 'గురవయ్య దమ్ము పట్టినాడు, నేను తిరిగొచ్చినా' అంటాండె మీ సామి. ప్రతిసారీ అదే మాట. రాగంలో ఎంత దూరం పోయినా తిరిగొచ్చేదానికి ఇల్లుండాదనే ధైర్యం ఆయనకి. ఆ మాట నీతో ఎందుకు అనలేదో నాకు తెల్దు. మొగోళ్లు కదా, అనరు." ఆమె పైట చెంగుతో కళ్లు తుడుచుకుంది. "గూడు నీదే. ఆయనుంటే ఆయనా ఇదే అంటాండె."

వెంకటేశ్వర్లు లూదియా వైపు చూశాడు. లూదియా వెంకటేశ్వర్లు వైపు చూసింది. "సౌభాగ్యమ్మ గూడా ఎవురో ఒకరు శ్రుతి పడితేనే పాడేది" అంది. "తిమ్మారెడ్డీ అంతేలే టీచరమ్మా" అన్నాడాయన. ఆ రెండు పేర్ల మీద మూడు నెలలు కొట్టుకున్న మనుషులు ఒక్క మాట మీదికి రావడానికి ఇంత చాలింది. తర్వాత ఆయనకే పాయింటు ఒకటి తట్టింది. "అయినా బతికున్నోడికి విగ్రహమేందీ? పోయినోళ్లకే గదా అనుకున్నాం."

"మొహం చెక్కను" అంది నాగజ్యోతి. "ఒత్తు, దాన్ని పట్టుకున్న రెండు చేతులు. అంతే. అయినా మేళంలో ఈ తాత మొహం ఎవురు చూసినారు లేన్నా, అందరి కండ్లూ నాదస్వరం మీదనే."

గురవయ్యకి నవ్వొచ్చింది. ఏడుపులోనే నవ్వాడు, విరిగిన పన్ను బయటికి కనబడింది.

ఉమామహేశ్వరమ్మ చంకలో పెట్టుకున్న నాదస్వరం తీసి ఆయన చేతుల్లో పెట్టింది. "రాయి సా పట్టుకుంది గదా. నీ నోరు ఖాళీగా ఉండాది. ఊదు."

"నాకు రాదమ్మా."

"నలభై ఒక్క ఏండ్లు పక్కన కూచుని ఇన్నావు. ఏమి రాదో చూద్దాం."

గురవయ్య పెదాల దగ్గర పెట్టుకున్నాడు. అలవాటు కొద్దీ సా ఊదాడు. రాయి అదే అంది. ఆయన ఆగాడు, రాయి ఆగలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి తాను వదిలేసినా సా పడిపోలేదు. ఆయన కాసేపు అట్లాగే విన్నాడు. తర్వాత ఒక వేలు మెల్లగా లేపాడు.

మందిరం తెరిచి ఇప్పటికి నెలయింది. పొద్దున పది గంటలకి గోనెపట్టాలు తీయగానే ముందుగా ఏడో గూడు సా పట్టుకుంటుంది, తక్కినవి కలుస్తాయి, ఎదురుగా చాప మీద గురవయ్య నాదస్వరం పట్టుకుని కూర్చుంటాడు. ఉమామహేశ్వరమ్మ తప్పినప్పుడల్లా తిట్టడానికి పక్కనే కుర్చీ వేసుకుంది. ఆయన సర్దిపెట్టుకున్న సంచి నుంచి బట్టలు మళ్లీ దండెం మీదికి చేరాయి. మొన్న దీపిక ఫోన్ చేసింది.

"విగ్రహం పెట్టినారంట గదా నాయనా. ఎప్పుడొస్తాండావ్?"

"ఇప్పుడప్పుడే రాలేను తల్లీ, ఈడ పని పడింది" అన్నాడు గురవయ్య. "ఇప్పుడే రి కాడికొచ్చినా. ఇంకా ఐదుండాయి."