ఎదురెదురు కిటికీలు

రండి రండి, కూచోండి. ఆ సారా గ్లాసులు కింద పెట్టి గుసగుసలు ఆపండి. ముందా తలుపు మూయండయ్యా, వెనక కిటికీ తెరిచుంది, నన్ను చంపుతారా ఏంటి!

మన కొండమీద ఆ గాలి సంగతి తెలిసిందేగా. ఎదురెదురు కిటికీల మధ్య దూరిందంటే రాయికైనా పడిశం పడుతుంది. రాడోయె తాత మెడకి తగిలితే తల పక్కకి తిరిగిపోయి పదకొండేళ్ళు అట్టాగే ఉండిపోయింది. పాపం, ఆయన పెళ్ళాం కుర్చీ అటేపేసుకుని కాపురం చేసింది.

మన ఊరి పిల్ల రుమేనా నీష్ పట్నంలో చదువుతోంది. ఏం చదువంటే, డాక్టరెక్కని ఊళ్ళకి డాక్టర్ని ఎక్కించే చదువు. రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగి, చెప్పులరిగి, ఆ తర్వాత కాళ్ళు బెత్తెడరిగి, చివరికి మన ఊరికి వైద్యం వ్యాను తెప్పించింది. షరతొకటుంది: మధ్యాహ్నంలోపు ముప్పైమంది చూపించుకోకపోతే ఆ వ్యాను మళ్ళీ రాదు. పిల్ల బెంగంతా పక్కింటి స్తామెనా మామ్మ మీదే. మామ్మకి కళ్ళు తిరుగుతున్నాయి, బస్సెక్కమంటే ఎక్కదు.

వ్యానులో స్వీడన్ డాక్టరమ్మ ఇంగ్రిడ్ దిగింది. వైద్యానికిచ్చిన బడిగది ఉడికిపోతోందని రెండు కిటికీలూ బార్లా తెరిచింది. ఊరంతా వాకిట్లోనే నిలబడిపోయింది. పది దాటింది, పదకొండు దాటింది, గడప తొక్కినోళ్ళు లేరు.

"మామ్మా, రావే!" అంది రుమేనా.

"ఆ గదిలోకా? జబ్బు చూపించుకోడానికొచ్చి జబ్బు తెచ్చుకోనా? నువ్వు పట్నంలో చదివింది ఇదేనంటే, గొడ్లు కాసుకో పో."

రుమేనా చేతిలో కాలేజీ కాయితం ఉంది. 'వైద్యానికి అడ్డమేంటి' అన్నచోట పొద్దున్నే 'జనం అజ్ఞానం' అని రాసేసింది. మామ్మ వంక చూసింది. గోడ పట్టుకుని నిలబడింది మామ్మ, అయినా లోపలికి రాదు. రుమేనా చరచరా వెళ్ళి రెండు కిటికీలూ మూసేసింది.

"గాలికి ఏ జబ్బూ రాదు, సైన్సు చెప్తోంది!" అంది ఇంగ్రిడ్.

"సైన్సు కరెక్టే డాక్టరమ్మా. కానీ చూపించుకోవాల్సింది మామ్మ కదా."

అంతే, గడప విరిగేట్టు దూరారు జనం. మధ్యాహ్నానికి నలభై ఒక్కమంది! ఇంగ్రిడ్ చెమటకి గదిలో చేపలు పెంచుకోవచ్చు. మామ్మ బీపీ రెండొందల పది. ఇంగ్రిడ్ అదిరిపడి మాత్ర ఇచ్చింది, మాత్రల సీసా చేతిలో పెట్టి, వచ్చే నెల మళ్ళీ వస్తానంది.

"నువ్వు కిటికీ తెరిచినప్పుడే పెరిగిందమ్మా," అని మామ్మ ఆవిణ్ణే తిట్టింది, మాత్ర మాత్రం మింగింది.

రుమేనా కాయితంలో 'అజ్ఞానం' కొట్టేసి, 'రెండు కిటికీలు, అడక్కుండా తెరిచాం' అని రాసుకుంది.

వ్యాను అద్దాలు దించుకుని బయల్దేరింది. కంచె మీద కూచున్న త్లాత్కో తాత వెనకాల పరిగెత్తాడు:

"అద్దాలెత్తండ్రా! మా ఊరి జబ్బులన్నీ అందులోనే ఉన్నాయి, ఎగిరి వెనక్కొచ్చేస్తాయి!"