చుట్ట అడిగే మనవడు

అదిగో మళ్ళీ ఈల, సన్నగా, తలుపు సందులో గాలి దూరినట్టు, ఉయ్యాల వైపునుంచి, వచ్చినావా అని పేరమ్మ లోలోపలే అడిగింది, నోట్లో చుట్ట ఉంది కాబట్టి పైకి అడగలేదు, ఎప్పుడూ మధ్యాహ్నం ఈ వేళకే వస్తాడు, బతికున్నప్పుడూ అంతే, అభ్రకం గని నుంచి వచ్చి అరుగు మీద కూలబడితే ముందు ఆ ఈల, తర్వాత దగ్గు, ఆ తర్వాత చుట్ట ఇట్టియ్యి మే అనే మాట, చివరి రోజుల్లో ఆ మాట బయటికి రావడానికే ఎంతోసేపు పట్టేది, ఇప్పుడు పెనిమిటి మునెయ్య మూడు నెలల మనవడిలో చేరి, మాట రాక, ఈల మటుకు వేస్తున్నాడు.

ఆ సంగతి మొదట చెప్పింది పక్కింటి పిచ్చమ్మ, మీ ఆయనే మే, చుట్ట మీద ఆశ చావక వచ్చినాడు, కొంచెం చూపించు పాపం అంది, ఆ రోజు పేరమ్మ గుండె ఎంత తేలికైందో, చైనా యుద్ధం ఏట పోయినవాడు ఇన్నాళ్ళకు ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు, చిట్టమూరు వైపు సముద్రం ఒడ్డున పుట్టి పెరిగి, నీళ్ళల్లో చస్తే శవం కూడా దొరకదు మే అని పడవ వదిలేసి గూడూరు చేరి గనిలో దిగినవాడు, రాయి తొలిచిన దుమ్మంతా మింగి, చుట్ట తాగితే రొమ్ములో దుమ్ము కరుగుతాదంట, మేస్త్రీ చెప్పినాడు అని రోజుకు పది కాల్చినవాడు, పెద్దాసుపత్రిలో డాక్టరు ఫిల్మును కిటికీకి ఎత్తి పట్టి చూపించాడు, ఊపిరితిత్తుల నిండా రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు, దుమ్మూ పొగా కలిసి తట్టుకునే సత్తువంతా తినేశాయమ్మా, అందుకే క్షయ ఇంత సులువుగా పట్టేసింది అన్నాడు, పేరమ్మకు ఆ చుక్కలు అందంగా కనిపించాయి, ఆ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నర్సు ఆనందకుమారికి మాత్రం ఏం తెలుసు, మొన్న వచ్చి బిడ్డ వీపు మీద గొట్టం ఆనించి విని మొహం చిన్నది చేసుకుంది, బిడ్డ దగ్గర చుట్ట తాగబాక అవ్వా, అభ్రకం షెడ్డులో కట్టిన కోకతో ఎత్తుకోబాక, దగ్గి ఊసే బలం వాడికి లేదు, చిన్న జలుబు చేసినా తట్టుకోలేడు అంది, కూతురు కామాక్షమ్మ సరే అక్కా అని తల ఊపింది, ఆ కూతురు ఇప్పుడు నిమ్మకాయల మార్కెట్టులో కాయలు ఏరుతోంది, ఆదివారమని పేరమ్మ పనిచేసే షెడ్డు మూత, పేరమ్మ ఒంటి మీద నిన్న అభ్రకం రేకులు చీల్చేటప్పుడు కట్టిన కోకే ఉంది, ఇంట్లో ఆమే, ఉయ్యాలే, ఆయనే, ఒక్క దమ్మే కదా, ఏమవుతుంది.

వంగి ఊదింది, తాటాకు కప్పు చిల్లులోంచి పడే ఎండలో పొగ లేచింది, కోక మీది అభ్రకం పొడి అందులో కలిసి తళతళమంది, ఆ మెరుపులో ముందు ఆయన భుజాలు కనిపించాయి, తర్వాత వంగిన మెడ, మొహం ఇంకా రాలేదు, బిడ్డ దగ్గాడు, అట్టా అడుగు మరి అని మురిసిపోయి ఇంకో దమ్ము ఊదింది, ఈసారి దగ్గు రాలేదు, ఈల మాత్రం సాగుతూనే ఉంది, నిదరపోయినాడేమో అని తొంగి చూస్తే బిడ్డ పెదాలు నేరేడుపండు తిన్నట్టున్నాయి, రొమ్ము కదలడం లేదు, రొమ్ము కదలకుండా ఈల ఎట్టా వస్తుంది, పేరమ్మ ఊపిరి బిగబట్టింది, ఈల ఆగింది, వదిలింది, ఈల మొదలైంది, మళ్ళీ బిగబట్టింది, ఆగింది, ఈల తనదే, మునెయ్య మనవడిలో చేరి ఉంటే ఈ రొమ్ములో కూర్చుని ఈల వేసేదెవరు.

ఎవరూ లేరు, దుమ్ము ఉంది, పొగ ఉంది, చుట్టను కుండలో పడేసి, బిడ్డను ఎండలోకి ఎత్తుకుపోయి, మెరిసే పైట లాగి అవతల పారేసి, అరికాళ్ళ మీద చరిచింది, నా అబ్బయ్య కదా, ఏడువు నాయనా, ఏడువు, సముద్రపు గాలి తూర్పునుంచి తెరలు తెరలుగా తగిలింది, చాలాసేపటికి, ఆమెకు చాలాసేపే అనిపించింది, బిడ్డ ఒక్కసారి వెక్కి ఏడ్చాడు, ఎర్రగా, కోపంగా, పాలకోసం ఏడ్చే ఏడుపు, అందులో ఏ ముసలివాడూ లేడు, గుండెకు హత్తుకోబోయి ఆగిపోయింది, చేతులు చాచి తనకు దూరంగా, గాలికి ఎదురుగా పట్టుకుని నిలబడింది, చేతులు లాగుతున్నా దించలేదు, మునెయ్య రాలేదు, మునెయ్య చచ్చిపోయినాడు, తాను ఇన్నాళ్ళూ పిలిచి ఈ ఉయ్యాలలోకి తెచ్చుకున్నది ఆయన చావునే.