తెగినచోట

ఆమె సింకు దగ్గర టిఫిన్ బాక్సులు తోముతుంటే వెనకనుంచి భర్త అన్నాడు, "మొహం అలా వేలాడేసుకుని వెళ్లకు. మీ సారు చెప్పింది చెయ్, ఇంటికి రా. నీ ఉద్యోగం ఉన్నా ఊడినా ఇల్లేమీ ఆగదు." అతను కోపంగా అనలేదు. అందుకే ఆమెకు ఇంకా భయమేసింది. హాల్లోంచి అత్తగారు, పురుగుల్ని చూసే ఉద్యోగానికి ఇంత దిగులెందుకంది. పురుగులు కావత్తయ్యా అని చెప్పడం ఆమె ఎప్పుడో మానేసింది.

ఆమె చూసేది కణాలను. కణానికి ఆకారాన్నీ కదలికనూ ఇచ్చే ఆక్టిన్ అనే ప్రొటీన్‌కు చుట్టాలున్నాయి. వాటిలో కొన్ని కణం నడిమి కేంద్రకంలో ఉంటాయి. అచ్చం ఆక్టిన్ పోలికే, మధ్యలో అదే లోయలాంటి గాడి. కానీ దానిలా పొడవాటి పోగులుగా అల్లుకోవు. ఇతర ప్రొటీన్లతో జట్టుకట్టి, బిగుతుగా చుట్టుకున్న డీఎన్ఏను వదులు చేస్తాయి. ఈ చుట్టాల్లో ఒకదాన్ని ఆపేస్తే క్యాన్సర్ కణాలు పెరగవని ఆమె పనిచేసే ల్యాబు పెద్దసారు కనిపెట్టారు. దాన్ని ఆపే మందు చేస్తామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. ఆరోగ్యంగా ఉన్న కణాల్లో దాన్ని ఆపి చూసింది మాత్రం ఆమె. మామూలుగా కణం తనంతట తానే అతికించుకునే తెగిన డీఎన్ఏ అతుక్కోలేదు. మళ్లీ మళ్లీ చేసింది, అతుక్కోలేదు. సారుకు చూపిస్తే, చెయ్యి తప్పి ఉంటుందమ్మా, ఇంట్లో ఏమైనా గొడవా అని అడిగారు. ఆమె ఉద్యోగం పొడిగించాల్సింది ఆయనే.

ఆ రోజు కంపెనీవాళ్లు వచ్చారు. మాట్లాడేది సారు. ఆమెను టీ అందించమన్నారు, ఆడమనిషి ఇస్తే బాగుంటుందట. ట్రే పట్టుకుని ఒక్కొక్కరి ముందూ కప్పు పెట్టుకుంటూ వచ్చింది. వచ్చినవాళ్లలో ఒక నెరిసిన జుట్టు డాక్టరమ్మ, మంచి కణాలకు ఏమీ కాదా అని అడిగింది.

"ఏమీ కాదు, మేం చూశాం," అని సారు నవ్వుతూ ఆమె వైపు తిరిగారు. "ఏమ్మా, అంతే కదా?"

అవునండీ అనడం ఆమెకు నోటికి అలవాటైన మాట. కూరలో ఉప్పు తక్కువైందంటే అవునండీ. నీకేం తెలుసంటే అవునండీ. ఇప్పుడూ నాలిక చివరిదాకా వచ్చేసింది. అనేస్తే చాలు, ఉద్యోగం నిలుస్తుంది, ఇంట్లో ఎవరూ ఏమీ అనరు. ఆ మాట బయటికి రాలేదు.

"కాదు సార్. మంచి కణాల్లోనూ తెగిన డీఎన్ఏ అతుక్కోవడం లేదు."

సారు డాక్టరమ్మతో నెమ్మదిగా అన్నారు, "మా అమ్మాయికి కాస్త భయమెక్కువ లెండి."

"అవును సార్, భయంగానే ఉంది," అంది ఆమె. "ఈ మందు మింగబోయేవాళ్లను తలుచుకుంటే."

డాక్టరమ్మ తన పక్కనున్న కుర్చీ ఆమె కోసం వెనక్కి జరిపింది. ఆమె ట్రే బల్ల మీద పెట్టి, అందులో కూర్చుంది.