ఊడిన అతుకు, ఊడని అతుకు

చెక్క వాయిద్యాలు బాగుచేసే ఆయన్ని వీధిలో అందరూ జిగురు మేస్త్రి అంటారు. ఆ పేరంటే ఆయనకు గర్వమే. వయొలిన్‌కి పెద్దన్నలాంటి చెల్లో చుట్టూ వేలి కణుపుతో ఒక్కసారి కొట్టుకుంటూ వచ్చాడంటే అతుకు ఎక్కడ వదిలిందో చెప్పేస్తాడు. తన చెవికి తిరుగులేదని ఆయన నమ్మకం. నిజం చెప్పాలంటే ఆ నమ్మకం కాస్త ఎక్కువే.

అలాంటివాడి పనితనం సొంత చెల్లెలి కచేరీలోనే బెడిసికొట్టింది. ఆమె రెండేళ్లు కూర్చుని ఒక్క చెల్లో కోసం కొత్త సంగీతం రాసుకుంది. కూనిరాగం తీద్దామంటే నోటికి అందదు. అన్నీ గరగరలు, గీకుళ్లు, మధ్యమధ్య పెద్ద నిశ్శబ్దాలు. చివరి నిమిషంలో, పొడిగాలికి చెక్క ముడుచుకుని, మేస్త్రి వేసిన అతుకు టప్పున ఊడింది. అక్కణ్ణుంచి చెల్లో జుయ్‌మంటూనే ఉంది. మేస్త్రికి ముచ్చెమటలు పట్టాయి. జనం మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

మర్నాడు చెల్లెలు శ్రోతలు రాసి గుమ్మం దగ్గరి పెట్టెలో వేసిన చీటీలన్నీ తెచ్చి ఆయన పనిబల్ల మీద కుమ్మరించింది.

“చదువన్నయ్యా. ‘చివర్లో ఆ జుయ్‌మనే శబ్దానికి ఒళ్లు జలదరించింది.’ ఇదిగో ఇంకోటి, ‘ఆ మూలుగు ఎలా తెచ్చారండీ?’ నలభై చీటీల్లో ముప్పై ఇదే గోల. నేను రాసినదాని గురించి ఒక్కళ్లూ నోరు విప్పలేదు. చప్పట్లన్నీ నీ అతుకుకే!”

“అవసరమైతే ఊడాలనే పలచటి జిగురు వేస్తామమ్మా. అతుకు ఊడకపోతే చెక్క చీలుతుంది,” అన్నాడు మేస్త్రి.

“తెలుసులే. అంటించెయ్. వచ్చే ఆదివారం అదే శబ్దం నా చేత్తో తెస్తా. తేలేకపోతే నేను రాసిన సంగీతం కాగితాలన్నీ చింపి పారేస్తా.”

“నీ తరం కాదు. అతుకు ఊడిందని ఊరందర్నీ నమ్మించొచ్చు గానీ నన్ను కాదు.”

“చూద్దాం,” అంది చెల్లెలు.

ఆదివారం వేదిక ఎక్కేముందు మేస్త్రి చెల్లో చుట్టూ రెండుసార్లు కొట్టి చూశాడు. అతుకు రాయిలా ఉంది. ముందు వరసలో చేతులు కట్టుకుని, చివరి నిమిషం కోసం కాచుక్కూర్చున్నాడు. కానీ సగంలోనే, ఒక పెద్ద నిశ్శబ్దం తర్వాత, మందమైన తీగ మీద సన్నగా మొదలైంది. జుయ్.

మేస్త్రి కట్టుకున్న చేతులు విప్పేశాడు. పందెం సంగతే మర్చిపోయాడు.

“ఆపమ్మా! అతుకు ఊడింది!” అని లేచి అరిచాడు.

హాలంతా తిరిగి చూసింది. చెల్లెలు ఆపలేదు. అన్నయ్యనే చూస్తూ కమానును వేలెడు పక్కకు జరిపింది. శబ్దం ఆగిపోయింది. మళ్లీ వెనక్కి జరిపింది. మళ్లీ జుయ్. మేస్త్రి కూలబడ్డాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి, ఆనందం మాత్రం పట్టలేకపోయాడు. మిగతాదంతా నోరు తెరుచుకుని విన్నాడు.

కచేరీ అయ్యాక వేదిక ఎక్కి, ఎందుకైనా మంచిదని మళ్లీ చుట్టూ కొట్టి చూశాడు. ఎక్కడా సందు లేదు. జేబులోంచి పెన్సిల్ తీశాడు.

“నాకూ ఒక చీటీ ఇవ్వమ్మా, రాస్తాను.”

“నువ్వు రాయక్కర్లేదు. అరిచావుగా!” అంది చెల్లెలు, కళ్లు తుడుచుకుంటూ.

ఆ సందడిలో ఇద్దరూ చీటీల పెట్టె అక్కడే మర్చిపోయి వచ్చారు.