నిలబెట్టిన సీసా

గ్లాసును వెలుతురుకు ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి చూసి, అంచుమీద మిగిలిన ఒకే ఒక్క నీటిమచ్చను గుడ్డకొసతో తుడిచి, బల్లమీద బోర్లించాడాయన. మధ్యాహ్నం జనం వచ్చేలోగా ఇంకా రెండు ట్రేల గ్లాసులు తుడవాలి.

హోటల్లో ఆయన్ని అందరూ మూగచెయ్యి అంటారు. ఎగతాళికి కాదు. వైను సీసా బిరడా ఆయన చేతిలో చప్పుడు చెయ్యదు. కొత్త సర్వర్లు లాగితే టప్పుమంటుంది, టేబులు దగ్గర పిల్లలు చప్పట్లు కొడతారు, సర్వర్లందరిమీదా అజమాయిషీ చేసే కెప్టెన్ పళ్ళు కొరుకుతాడు. ఈయన లాగితే నిద్రలో ఎవరో ఊపిరి వదిలినట్టుంటుంది, అంతే. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎన్ని వేల సీసాలు తెరిచాడో గానీ, ఒక్క చుక్క నోట పోసుకున్న మనిషి కాదు. ఎవరైనా అడిగితే, "మనకి టీ చాల్లేవయ్యా," అంటాడు.

ఈరోజు చెయ్యి గుడ్డ తిప్పుతున్నా మనసు ఇంటి దగ్గరే ఉంది. పొద్దున తడిగుడ్డతో మొహం తుడుస్తుంటే మంచంమీది భార్య అద్దం పక్కనున్న సీసాకేసి చూసి అంది:

"సాయంత్రం దాన్ని తెరుద్దామండీ."

"మంచి రోజు రావాలన్నావుగా?"

"ఇంతకన్నా మంచిది ఇక రాదులెండి."

ఆయన గుడ్డ పిండి ఆరేశాడు. కిందటి వారమే డాక్టరు, "అడిగిందల్లా పెట్టండి," అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఇన్నాళ్ళ రోగంలో ఆమె నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే.

ఇరవై రెండేళ్ళ కిందట ఒక ముసలి జంట రెండు సీసాలు తెప్పించుకుని, ఒకటి తాగి, రెండోది ఆయన చేతిలో పెట్టి వెళ్ళింది. మీ ఆవిడతో కలిసి తాగు అన్నారు. ఇంటికి తెస్తే ఆవిడ మురిసిపోయింది గానీ తెరవనివ్వలేదు. మంచి రోజు రావాలంది. సొంత కుళాయి ఉన్న రెండు గదుల వాటాలోకి మారారు. ఇంకా మంచి రోజు వస్తుందిలెమ్మంది. ముచ్చటపడి కుట్టుమిషను కొనుక్కుంది. అప్పుడూ ఊహూ అంది. పిల్లలు పుడితే చూద్దామనుకున్నారు. పుట్టలేదు. సీసా మాత్రం అద్దానికీ గడియారానికీ మధ్య నిలబడి, వారంవారం దుమ్ము దులిపించుకుంటూ ఆ ఇంట్లో మూడో మనిషైపోయింది.

అసలు తప్పు అక్కడే జరిగింది. ఇలాంటి సీసాను పడుకోబెట్టి ఉంచాలని, తడి తగలకపోతే బిరడా ఎండి పొడైపోతుందని, లోపలికి గాలి పోయి వైను పులిసిపోతుందని ఆయనకు తెలియదా? కొత్త సర్వర్లకు మొదటి రోజు ఆయనే చెప్పే పాఠం అది. ఒకసారి ఇంట్లోనూ చెప్పి చూశాడు. "పడుకోబెడితే ఒంట్లో బాగోలేని మనిషిలా ఉంటుందండీ, వద్దు," అని లేబుల్ కనబడేలా తిప్పి మళ్ళీ నిలబెట్టింది. ఆమె సరదా ముందు తన విద్య ఏపాటిదిలే అనుకుని ఊరుకున్నాడు.

హోటల్లో ఓపెనర్లన్నీ వంటగది గోడకు వరసగా మేకులకు వేలాడతాయి. డ్యూటీ దిగేటప్పుడు ఎవరిది వాళ్ళు తగిలించి వెళ్ళాలి. చెంచా కూడా గడప దాటకూడదు. మూడు గంటలకు తన ఓపెనర్ తుడిచి, మేకుదాకా తీసుకెళ్ళి ఆగాడాయన.

"ఈ ఒక్క పూటకి ఇది పట్టుకెళ్తానండీ. పొద్దున్నే తెచ్చేస్తా."

కెప్టెన్ ఆయనకన్నా ఇరవయ్యేళ్ళు చిన్న. చెడ్డవాడు కాదు, రూల్సంటే భయం. "మీకిస్తే రేపు అందరూ అడుగుతారు పెద్దాయనా. అదిగో, ఆ సొరుగులో పాతదొకటుంది. అది తీసుకెళ్ళండి, మళ్ళీ తేనక్కర్లేదు. ఏంటి, ఇంట్లో పార్టీయా?"

"ఆఁ, చిన్నదే," అన్నాడాయన.

నా భార్య పోయేలా ఉంది బాబూ అని ఒక్క ముక్క అని ఉంటే కెప్టెన్ తన చేత్తోనే మంచిది తీసిచ్చేవాడు. కానీ ఆ ముక్క పెదవి దాటితే నిజమైపోతుందని ఆయన భయం. టేబుళ్ళ పక్కన ముప్ఫై ఏళ్ళు నోరు మూసుకుని నిలబడ్డ మనిషికి అవసరమొచ్చినప్పుడు నోరు పెగల్లేదు. పాతదాన్ని జేబులో వేసుకున్నాడు. బిరడాలోకి దిగే దాని మెలితీగ మొన వంగిపోయింది. సీసా అంచుకు ఆనించే రెక్క ఎప్పుడో విరిగింది.

ఇంటికొచ్చేసరికి మరదలు మంచం పక్కన కూర్చుని ఉంది. అక్కకు తోడుగా నెల నుంచీ ఇక్కడే ఉంటోంది. భార్య కళ్ళు తెరిచి, "తెచ్చారా?" అంది. తెచ్చానన్నాడు.

సీసాను వంటింట్లోకి తీసుకెళ్ళి, తలుపు దగ్గరకు వేసి, మూతిమీది రేకు ఒలిచాడు. ఓపెనర్ గుచ్చి తిప్పితే బిరడా పాత రస్కులా పొడిపొడిగా రాలింది. ఇంకాస్త దించి లాగాడు. మెలితీగ సాగి తిన్నగా అయిపోయి ఊడొచ్చింది గానీ బిరడా కదల్లేదు. కిటికీ రెక్కకున్న పొడుగాటి స్క్రూ ఒకటి ఊడదీసి, దాన్ని బిరడాలోకి దించి, సీసాను మోకాళ్ళ మధ్య బిగించి పటకారుతో లాగాడు. పై సగం విరిగి చేతికొచ్చింది. సీసా అడుగున తువ్వాలు చుట్టి గోడకు కొట్టి చూశాడు. సున్నం రాలింది. చెమట కళ్ళల్లోకి కారుతోంది. ఊళ్ళోవాళ్ళందరి కోసం ఇన్ని వేలు తెరిచిన చేతులు తన మనిషి కోసం ఒక్కటి తెరవలేకపోతున్నాయని ఆయనకు ఏడుపొచ్చింది.

చివరికి గరిటె కాడ పెట్టి బలంకొద్దీ నొక్కాడు. బుడుంగుమని పెద్ద చప్పుడుతో మిగతా సగం లోపల పడింది. ఎర్రటి వైను చిమ్మి మొహంమీదా తెల్లచొక్కామీదా పడింది.

గదిలోంచి సన్నగా నవ్వు వినిపించింది. "ఎవరండీ ఆ కొత్త సర్వరు? కెప్టెన్‌తో చెప్తా ఉండండి."

సీసా, స్టీలు గ్లాసు, టీ వడగట్టే జల్లెడ పళ్ళెంలో పెట్టుకుని, ముంజేతిమీద తువ్వాలు మడిచి వేసుకుని ఆయన గదిలోకి వచ్చాడు. మరదలు అక్కను దిండుకు ఆనించి కూర్చోబెట్టింది. ఆయన పళ్ళెం స్టూలుమీద పెట్టి, నడుం వంచి, లేబుల్ చూపించాడు. ఆమె గొప్పింటి మనిషిలా ఒక్కసారి తలాడించింది. మొదట గుక్కెడే పోశాడు. రుచి చూసినవాళ్ళు సరేనంటేనే మిగతాది పొయ్యాలి, అది పద్ధతి. గ్లాసు ఆమె పెదవులకు ఆనించి ఊపిరి బిగబట్టాడు.

ఆమె మింగింది. కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచి, ఆయన చొక్కామీది మరకలను చూసింది, మొహం చూసింది.

"బాగుందండీ. పొయ్యండి."

ఇంకో రెండు గుక్కలు తాగింది. "మరి మీరో?" అంది.

"చొక్కా మార్చుకొస్తా. ఇద్దరం కలిసి తాగుదాం."

ఆమె సరేనని తలూపి, గోడవైపు ఒత్తిగిల్లింది.

కుళాయి దగ్గర చొక్కా జాడిస్తుంటే మరదలు వచ్చింది. "బావగారూ," అని ఆగిపోయింది. గదివైపు చెయ్యి చూపించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చేతిలోని చొక్కాలోంచి ఎర్రనీళ్ళు కారుతుంటే ఆయన అలాగే నిలబడ్డాడు. బయట ఇంకా బాగా వెలుతురుంది.

పక్కవాటాలవాళ్ళు వచ్చారు. ఎవరో ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా స్టూలుమీద ఆమె తాగగా మిగిలిన గ్లాసు ఉంది. కలిసి తాగుదామన్న మాట గుర్తొచ్చి, తీసుకుని నోట్లో పోసుకున్నాడు. గొంతు భగ్గున మండింది. అది వైను కాదు, ఒట్టి వెనిగరు. ఇంత పులుపును ఆ ఎండిన గొంతుతో మూడు గుక్కలు మింగి, పైగా బాగుందంది. ఆయన గ్లాసు అడుగుదాకా తాగి, అప్పుడు వెక్కివెక్కి ఏడ్చాడు.

మరదలు వచ్చినవాళ్ళకు చోటు చేస్తూ స్టూలు తీసి పక్కన పెట్టింది. సీసాను ఎక్కడ పెట్టాలో తోచక, అక్క పెట్టినట్టే లేబుల్ కనబడేలా తిప్పి, అద్దానికీ గడియారానికీ మధ్య నిలబెట్టింది. లోపల సగం బిరడా తేలుతూ ఒకటి రెండుసార్లు గాజుకు తగిలి, ఆగిపోయింది.