పీపా ఎక్కని వైన్

“గ్లాసులకి సబ్బు వాసన ఉండకూడదు, ఒట్టి వేన్నీళ్ళతోనే కడుగు” అన్నాడు మా ఆయన థియెరీ, పెళ్ళయిన కొత్తలో అన్నట్టే. ఆ మాటకి ఎప్పుడూ ఒళ్ళు మండే నాకు ఆ రోజు కోపమే రాలేదు. బ్రస్సెల్స్‌లో హోటలు నడిపే హిల్డ మా వైన్లు రుచి చూసి కొనడానికి వస్తోంది. ఆమె రుచి చూసే వాటిలో ఆఖరిది నా వైన్!

ఫ్రాన్సులోని షాబ్లీలో మా అత్తవారివి ద్రాక్షతోటలు. చలిలో తీగలు కత్తిరించేదీ, కోతలకొచ్చిన వాళ్ళకి వండి పెట్టేదీ అత్తయ్యా నేనూ. వైన్ చెయ్యడం మాత్రం మగవాళ్ళ పని. ఎంత మంచి షార్డొనే ద్రాక్ష పండినా, రసాన్ని కొత్త ఓక్ చెక్క పీపాల్లో పోసి, వెనిల్లా వాసన పట్టించేదాకా వదలరు. ఆ చెక్క వాసన కింద మా నేల ఊపిరాడక కొట్టుకుంటున్నట్టుండేది నాకు. అందుకే కిందటి కోతల్లో, పైగట్టు పంటలో కొంత పీపా ఎక్కనివ్వకుండా స్టీలు ట్యాంకులో ఉంచేశాను. “ఆడుకో ఒడీల్, పాడైతే వెనిగరై సలాడ్‌లోకి పనికొస్తుంది” అని నవ్వాడు థియెరీ.

హిల్డకి ఒక్కొక్కటే పోశాను. ఆమె మర్యాదగా తలాడించింది. నాది పోసి, అలవాటుగా వెనక్కి తిరిగాను.

“మీరు తాగరా?” అంది.

“తనకి వంటింట్లో పనుందండీ” అన్నాడు థియెరీ.

ఇంకో గ్లాసు తీసుకుని కూర్చున్నాను. మొదటి గుక్కకే నాలుక అంచుల్లో నిమ్మకాయ చురుక్కుమంది. వెనకే పచ్చి ఆపిల్, ఆ వెనక వానకి తడిసిన సున్నపురాయి, చివర్న ఆల్చిప్ప మీది ఉప్పు. మింగేశాక కూడా నోరూరుతూనే ఉంది. ఇది నేను చేశానా! లేచి గంతులెయ్యాలనిపించింది.

హిల్డ కళ్ళు మూసుకుని ఇంకో గుక్క తాగింది. “ఎవరు చేశారిది?”

“మా ఇంటి పద్ధతేనండీ” అన్నాడు థియెరీ తడుముకోకుండా.

“నేను చేశాను. ఒక్కదాన్నే” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

వేడి చీజ్ బూరెల పళ్ళెంతో వచ్చిన అత్తయ్య గుమ్మంలోనే ఆగిపోయింది. పళ్ళెం బల్ల మీద పెట్టి, నా గ్లాసందుకుని ఒక గుక్క తాగింది. అతిథుల ముందు ఆవిడ తాగగా నేనెప్పుడూ చూడలేదు.

“ఇది మా పుట్టింటి గట్టేనే! చిన్నప్పుడు వాన వెలిశాక అచ్చం ఇదే వాసన” అంటూ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

“అత్తయ్యా, ఈ ఏడు గట్టు పంట మొత్తం నాకిచ్చెయ్యండి. ఒక్క గుత్తి కూడా పీపాకి పోనివ్వను.”

“అది పుట్టింటివాళ్ళు నాకిచ్చింది, నా పేరనున్న నేల. తీసుకో అమ్మాయ్, ఎవడడ్డొస్తాడో చూస్తాను.”

థియెరీ మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “మరి భోజనం ఎవరు వడ్డిస్తారు?” అన్నాడు.

అత్తయ్యా నేనూ ఒక్కసారే అతని వైపు చూశాం.